బైపీసీ నుంచి పులుల లెక్క దాకా

పదో తరగతి కాగానే బైపీసీ తీసుకున్నవాళ్లలో చాలామందికి ఒక ధీమా ఉంటుంది: ఇక లెక్కల పీడ వదిలింది. జువాలజీ చదివి అడవి జంతువుల మీద పరిశోధన చేయాలనుకునేవాళ్ల విషయంలో ఆ ధీమా ఎక్కువకాలం నిలవదు. ఈ అడవిలో పులులెన్ని? దుప్పులు పోయినేడాది కంటే తగ్గాయా? పశువులను ఆపితే గడ్డి ఎంత పెరిగింది? వన్యప్రాణి ఎకాలజీలో అడిగే ప్రశ్నలు దాదాపు అన్నీ ఎన్ని, ఎంత, ఎక్కడ అన్న మాటల చుట్టూనే తిరుగుతాయి. గణాంకశాస్త్రం ఊసు లేకుండా వాటిలో ఒక్కదానికీ నమ్మదగిన జవాబు దొరకదు.

ఈ రంగంలో అడుగుపెట్టిన విద్యార్థికి పదేళ్ల తర్వాత ఇంకో పని కూడా నెత్తిన పడుతుంది. ఏ జీవశాస్త్ర విభాగంలోనైనా ఆర్ అనే సాఫ్ట్‌వేర్ కాస్త తెలిసినవారికే స్టాటిస్టిక్స్ పేపరు అప్పగిస్తారు. అంటే ఒకప్పుడు లెక్కలకు భయపడినవారే, అదే భయంతో ఎదురుగా కూర్చున్న నలభైమందికి వాటిని నేర్పాలి. ఈ రెండు పనులూ ఒకదానికొకటి సాయపడతాయి. నేర్చుకోవడంలో ఎక్కడ తడబడ్డారో గుర్తున్నవాళ్లే బాగా నేర్పగలరు.

భయం ఎక్కడ మొదలవుతుంది?

అంకెలంటే భయం అనుకుంటారు గానీ, అసలు కారణం అది కాదు. క్రికెట్ చూసే ఏ విద్యార్థినైనా అడగండి. నాలుగు ఇన్నింగ్సుల్లో ఒకసారి 200 కొట్టి మిగతా మూడుసార్లు సున్నాకు అవుటైన బ్యాటర్ సగటు 50. నాలుగుసార్లూ 50 చేసి అవుటైన బ్యాటర్ సగటూ 50. ఇద్దరూ ఒకటేనా? కాదని అందరికీ తెలుసు. తెలిసిన ఆ విషయానికి పాఠ్యపుస్తకం పెట్టిన పేరు వేరియన్స్. పుస్తకంలో ముందు సూత్రం వస్తుంది, తర్వాత ఉదాహరణ వస్తుంది, ప్రశ్న మాత్రం ఎప్పటికీ రాదు. చిక్కంతా ఆ వరుసలోనే ఉంది.

పైగా గణాంకశాస్త్రం జీవశాస్త్రానికి పరాయిది కాదు. గణాంకవేత్త ఫిషర్ తన పద్ధతుల్లో చాలావాటిని 1919 నుంచి ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో, పంట పొలాల లెక్కలతో కుస్తీ పడుతూ తయారుచేశాడు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన సి.ఆర్. రావు 1946లో కేంబ్రిడ్జి వెళ్లింది అక్కడి మ్యూజియంలో పని చేయడానికి. సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన ఎముకల కొలతలను విశ్లేషించడం ఆ పని. ఆ కొలతల మధ్యే ఉంటూ ఫిషర్ దగ్గర డాక్టరేట్ పూర్తిచేశారు. 1957లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చిన జీవశాస్త్రవేత్త హాల్డేన్, ఖరీదైన పరికరాలు లేకున్నా ఓపిగ్గా లెక్కపెడితే మంచి జీవశాస్త్రం చేయవచ్చని అక్కడి యువకులను ప్రోత్సహించాడు. బైపీసీ విద్యార్థికి ఈ శాస్త్రం పుట్టినిల్లు లాంటిదే.

చింతగింజలతో తొలి పాఠం

కంప్యూటరు తెరవకముందే చేయదగిన పని ఒకటుంది. ఒక గిన్నెలో కొన్ని గుప్పెళ్ల చింతగింజలు పోయాలి. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టకూడదు. వాటిలోంచి 40 తీసి సున్నం చుక్క పెట్టి, మళ్లీ గిన్నెలో వేసి బాగా కలపాలి. ఇప్పుడు చూడకుండా 50 గింజలు తీస్తే వాటిలో 10 గింజలకు చుక్క ఉందనుకుందాం. అంటే తీసినవాటిలో అయిదో వంతు చుక్కవి. గిన్నె మొత్తంలోనూ చుక్కవి అయిదో వంతే ఉంటాయనుకుంటే, 40కి అయిదు రెట్లు, అంటే గిన్నెలో 200 గింజలు.

చేపలకు గుర్తులు వేసిన డెన్మార్క్ శాస్త్రవేత్త పీటర్‌సన్ పేరు, బాతుల కాళ్లకు వేసిన ఉంగరాల లెక్క తీసిన అమెరికా శాస్త్రవేత్త లింకన్ పేరు కలిపి పిలిచే పద్ధతి ఇదే. నాగరహొళె అడవిలో ఉల్లాస్ కారంత్ కెమెరా ట్రాప్‌లతో పులుల సంఖ్యను అంచనా వేసి 1995లో ప్రచురించిన పని కూడా ఈ ఆలోచన మీదే నిలబడింది. పులికి సున్నం చుక్క పెట్టాల్సిన పని లేదు. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు కాబట్టి ఫోటోయే గుర్తు.

గింజల ఆట ఇక్కడితో ఆపేస్తే సగం పాఠమే. తరగతిని పది జట్లుగా చేసి, 200 గింజలున్న గిన్నెలతో ఇదే పని చేయించాలి. ఒక జట్టుకు చుక్క గింజలు 7 వస్తాయి, వాళ్ల జవాబు 286. ఇంకో జట్టుకు 13 వస్తాయి, వాళ్ల జవాబు 154. ఎవరూ తప్పు చేయలేదు. అయినా జవాబులు ఇంత దూరంగా ఎందుకున్నాయి? బోర్డు మీద పది అంకెలూ రాసి ఆ ప్రశ్న అడిగితే, కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అంచనాకు ఇచ్చే హద్దులు) అనే మాట ఇంకా చెప్పకముందే దాని అవసరం తరగతికి అర్థమవుతుంది.

ఆ తర్వాత గిన్నెను పాడుచేయాలి. కొన్ని గింజల మీది సున్నం తుడిచేస్తే ఏమవుతుంది? రెండోసారి చుక్కవి తక్కువ దొరుకుతాయి, అంచనా ఉన్నదానికంటే పెరిగిపోతుంది. ఒకసారి బోనులో పడ్డ జంతువు భయపడి మళ్లీ అటు రాకపోయినా ఇదే జరుగుతుంది. అదే జంతువు ఎరకు మరిగి పదేపదే వస్తే అంచనా తగ్గిపోతుంది. పద్ధతి వెనుక ఉన్న ఊహలను ఇలా ఒక్కొక్కటిగా విరగ్గొట్టి చూసిన విద్యార్థి వాటిని పరీక్ష కోసం బట్టీ పట్టనక్కర్లేదు.

కనిపించలేదంటే లేనట్టేనా?

ఈ రంగంలో ఒకే ఒక్క విషయం గుర్తుంచుకోవాలంటే అది ఇదే: కళ్లబడినవి ఉన్నవాటిలో కొన్ని మాత్రమే, ఆ వంతు ఎంతో తెలియకపోతే లెక్కకు విలువ లేదు. నల్లమల లాంటి ఆకురాల్చే అడవిలో వానాకాలం ఒక దారి వెంట నడిస్తే 30 దుప్పులు, వేసవిలో అదే దారిలో 60 దుప్పులు కనిపించాయనుకుందాం. దుప్పులు రెట్టింపయ్యాయా, ఆకులు రాలి చూపు దూరం వెళ్లిందా? ఆ తేడా తేల్చడానికే, లైన్ ట్రాన్సెక్ట్ (ముందే గీసుకున్న తిన్నని దారి) నడిచేవారు ప్రతి గుంపూ దారికి ఎంత దూరంలో, ఏ కోణంలో ఉందో కొలుస్తారు. దూరం పెరిగేకొద్దీ కంటబడేవి ఎలా తగ్గుతున్నాయో చూసి, తప్పిపోయినవాటిని అంచనా వేస్తారు.

కలివికోడి కథ ఇందుకు మన నేల మీది పాఠం. 1848లో శాస్త్ర ప్రపంచానికి పరిచయమైన ఈ పక్షి, 1900 తర్వాత ఎవరికీ కనిపించకపోవడంతో అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. రాత్రిపూట తిరిగే, పొదల్లో నక్కే పక్షిని పగటిపూట నడిచి వెతికితే ఏం దొరుకుతుంది? తర్వాతి పరిశోధకులు నేలను మెత్తగా చదునుచేసి దారులుగా పరిచి, వాటి మీద పడే కాలిముద్రలనూ ఆటోమేటిక్ కెమెరాలనూ నమ్ముకున్నారు. పక్షి మారలేదు, చూసే పద్ధతి మారింది.

పద్ధతి మారినప్పుడు పాత అంకెనూ కొత్త అంకెనూ పక్కపక్కన పెట్టడం ఇంకో ప్రమాదం. 2001-02లో పాదముద్రల లెక్క ప్రకారం దేశంలో పులులు 3,642. 2006లో కొత్త పద్ధతి ఇచ్చిన అంచనా 1,411. నాలుగైదేళ్లలో సగానికి పైగా పులులు చచ్చిపోయాయని చాలామంది అనుకున్నారు. కొన్ని చోట్ల పులులు పోయిన మాట నిజమే. రాజస్థాన్‌లోని సరిస్కాలో ఒక్కటీ మిగల్లేదని 2005 నాటికి తేలింది. కానీ ఆ రెండు అంకెలూ వేర్వేరు తూకపురాళ్లతో తూచినవి. పాదముద్రల పద్ధతిలో తప్పిపోయినవెన్ని, రెండుసార్లు లెక్కకొచ్చినవెన్ని అని చెప్పే వీలే లేదు. 2022 లెక్కలో సగటు అంచనా 3,682 అని చెబుతూనే 3,167 నుంచి 3,925 వరకు అని హద్దులు కూడా ఇచ్చారు. పత్రికల్లో ఆ హద్దులు తరచూ ఎగిరిపోతాయి. విద్యార్థి మాత్రం ముందు వాటినే వెతకాలి.

అడవికి వెళ్లే ముందు

1. ప్రశ్నను ఒక వాక్యంలో రాసుకోవాలి. "నల్లమలలో దుప్పుల మీద అధ్యయనం" అనేది ప్రశ్న కాదు, శీర్షిక. "గూడేలకు దగ్గరగా ఉన్న నీటిగుంటల దగ్గర దుప్పులు రాత్రిపూట ఎక్కువగా నీళ్లు తాగుతాయా?" అనేది ప్రశ్న.

2. విశ్లేషణను ముందే ఒకసారి చేసి చూడాలి. కంప్యూటర్లో ఊహించిన అంకెలతో ఒక దొంగ పట్టిక తయారుచేసి, దాని మీద పద్ధతి నడిపించాలి. ఇరవై నీటిగుంటలతో తేడా పట్టుబడుతుందా, అరవై కావాలా అన్నది అప్పుడే తేలుతుంది. పని అయ్యాక ఆ దొంగ పట్టికను చించిపారేయడం మరిచిపోకూడదు.

3. గణాంకం తెలిసినవారిని ఇప్పుడే కలవాలి. రెండేళ్లు తిరిగి, ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చి "సార్, దీనికి ఏ టెస్ట్ పెట్టాలి?" అని అడిగే విద్యార్థి ప్రతి సంస్థలోనూ కనిపిస్తాడు. ప్రయోగం అయిపోయాక గణాంకవేత్తను పిలవడం శవపరీక్షకు పిలవడం లాంటిదని ఫిషర్ 1938లో భారత గణాంక సదస్సు వేదిక మీదే హెచ్చరించాడు. ఆ విద్యార్థి మాత్రం ఇంకా వస్తూనే ఉన్నాడు.

4. అనుమతుల కోసం ముందే కదలాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అభయారణ్యంలో పరిశోధనకైనా, జంతువును పట్టడానికైనా అటవీశాఖ రాతపూర్వక అనుమతి కావాలి. ఫైలు కదలడానికి పట్టే కాలాన్ని కూడా పరిశోధన కాలంలో కలిపి లెక్క వేసుకోవాలి.

5. వెంట నడిచేవారి జ్ఞానాన్ని ప్రణాళికలో చేర్చాలి, కూలి విషయంలో బేరమాడకూడదు. నల్లమలలో చెంచులకు తెలిసిన జాడలు ఏ మ్యాపులోనూ ఉండవు. అయితే పేర్ల విషయంలో జాగ్రత్త. ఒకే జంతువును ఒకరు కణుజు అంటే ఇంకొకరు కణితి అంటారు. కొండగొర్రె అంటే ఏ జంతువో బొమ్మ చూపించి ఖాయం చేసుకున్నాకే రాసుకోవాలి.

తరచూ జరిగే పొరపాట్లు

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు. కుండంతా ఒకేలా ఉడుకుతుంది కాబట్టి ఆ మాట చెల్లుతుంది. ఇప్పుడు పాత బియ్యం, కొత్త బియ్యం రెండింటిలో ఏది త్వరగా ఉడుకుతుందో తేల్చాలనుకుందాం. చెరొక కుండ పెట్టి, ఒక్కో కుండలోంచి యాభై మెతుకులు పట్టి చూస్తే వంద సాక్ష్యాలున్నట్టా? ఉన్నవి రెండు కుండలే. తేడా బియ్యం వల్ల వచ్చిందో, పొయ్యి మంట వల్ల వచ్చిందో ఆ మెతుకులు చెప్పలేవు.

పశువులు రాకుండా కంచె వేసిన ఒక చోట 50, వేయని ఒక చోట 50 క్వాడ్రాట్లు (గడ్డి కొలిచే చదరపు గడులు) పరిచి "నా శాంపిల్ వంద" అని రాసే థీసిస్‌లో జరిగేది ఇదే. హర్ల్‌బర్ట్ అనే అమెరికా ఎకాలజిస్టు 1984లో దీనికి సూడో రెప్లికేషన్ అని పేరు పెట్టాడు. అతను పరిశీలించిన 176 ప్రయోగ వ్యాసాల్లో, గణాంక పరీక్షలు వాడినవాటిలో దాదాపు సగం ఈ గోతిలో పడ్డాయి. అనుభవం ఉన్నవాళ్లే అలా పడితే కొత్తవాళ్లు సిగ్గుపడాల్సిన పని లేదు. మందు ఒకటే: క్వాడ్రాట్లు తగ్గించి, కంచెలు పెంచాలి.

రెండో పొరపాటు సున్నాకూ ఖాళీకీ తేడా చూడకపోవడం. చూసినా ఏమీ కనిపించకపోతే సున్నా రాయాలి. ఆ రోజు వానపడి వెళ్లకపోతే గడి ఖాళీగా ఉంచాలి. ఈ రెండూ ఒకసారి కలిసిపోతే సాయంత్రానికి ఎవరికీ గుర్తుండవు, రెండేళ్లకు అసలే గుర్తుండవు. దూరాలను కంటితో అంచనా వేసి 10, 20, 50 అని గుండ్రంగా రాసేయడం కూడా ఈ కోవలోదే. కొలిచే పరికరం వాడాలి. స్ప్రెడ్‌షీట్లను గుడ్డిగా నమ్మకూడదు. కొన్ని జన్యువుల పేర్లను అవి తేదీలుగా మార్చేస్తున్నాయని, విసిగిపోయిన శాస్త్రవేత్తలు చివరికి 2020లో జన్యువుల పేర్లే మార్చుకున్నారు!

మూడోది పి వాల్యూ పూజ. నిజంగా తేడా ఏమీ లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం ఎంతో చెప్పే అంకె అది. 0.04 వస్తే పండగ, 0.06 వస్తే దిగులు. ఈ రెండింటి మధ్య ప్రకృతిలో ఏ గోడా లేదు. ఒక గీత దాటిందా లేదా అన్నదొక్కటే చూసి శాస్త్ర నిర్ణయాలు చేయవద్దని అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో ప్రకటనే చేయాల్సి వచ్చింది. తేడా ఉందా అని కాకుండా తేడా ఎంత, ఆ అంచనా ఎంత గట్టిది అని అడగడం అలవాటైతే ఈ జబ్బు చాలావరకు తగ్గుతుంది.

చదువు, ఉద్యోగం

జువాలజీ, బోటనీ, ఫారెస్ట్రీ, వెటర్నరీ డిగ్రీల్లో ఏదైనా ఈ దారికి పనికొస్తుంది. ఎమ్మెస్సీ స్థాయిలో డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా, బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ ప్రత్యేక కోర్సులు నడిపాయి. ప్రవేశ ప్రకటన ఏ ఏడాది వస్తుందో ముందే చూసుకోవాలి. పీహెచ్‌డీకి బెంగళూరు ఐఐఎస్‌సీలోని ఎకలాజికల్ సైన్సెస్ కేంద్రం, తిరుపతి ఐసర్ ఉన్నాయి. వన్యప్రాణుల జన్యువుల మీద ఆసక్తి ఉంటే హైదరాబాదులో సీసీఎంబీ వారి లాకోన్స్ ప్రయోగశాల ఉంది. నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే నెట్ లేదా సెట్ లేదా పీహెచ్‌డీ ఉండాలి.

ఒక గందరగోళం ఇక్కడ తీర్చుకోవాలి. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ అధికారి అడవిని నిర్వహిస్తారు. వన్యప్రాణి శాస్త్రవేత్త దాని గురించి ప్రశ్నలు అడుగుతారు. దారులు వేరు, పరీక్షలు వేరు. యూనిఫాం మీద మోజుతో పీహెచ్‌డీలో చేరినా, పరిశోధన మీద ప్రేమతో సివిల్స్ కోచింగ్‌కు వెళ్లినా ఏళ్లు వృథా అవుతాయి.

వన్యప్రాణి ఎకాలజీ పేరుతో పడే అధ్యాపక పోస్టులు తక్కువ. ఇది దాచిపెట్టి ప్రోత్సహించడం మోసం. అయితే లెక్క తెలిసిన ఎకాలజిస్టుకు తలుపులు ఎక్కువ: స్వచ్ఛంద సంస్థలు, పర్యావరణ ప్రభావ అంచనాలు, ప్రజారోగ్యం, వ్యవసాయ పరిశోధన. దీనికి ఇంకో వైపు కూడా ఉంది. విభాగంలో అందరి డేటాకూ మందు రాసిచ్చే డాక్టరుగా మారిపోతే సొంత ప్రశ్న మూలనపడుతుంది. సాయం చేయడానికి ఒప్పుకునే ముందే వ్యాసంలో పేరు ఉంటుందా, ఎన్ని గంటల పని అన్నది మాట్లాడుకోవాలి. వారంలో రెండు పూటలు సలహాలకు కేటాయించి, మిగతా పూటలు తలుపు వేసుకోవడం తప్పు కాదు.

నేర్పే వంతు వచ్చినప్పుడు

1. మొదటి వారం ఏ సూత్రమూ రాయకూడదు. తరగతిని ఆవరణలోకి తీసుకెళ్లి, ఒక్కో విద్యార్థితో పది వేపరెమ్మల మీది చిట్టి ఆకులు లెక్కపెట్టించాలి. ఆ అంకెలే సెమిస్టర్ అంతా వాడాలి. తాము లెక్కపెట్టిన ఆకుల సగటు మీద ఉన్న శ్రద్ధ, పాఠ్యపుస్తకంలో ఎవరో ఇచ్చిన పూల కొలతల మీద ఉంటుందా?

2. లెక్క కట్టే ముందు బొమ్మ గీయించాలి. ఆన్‌స్కోంబ్ 1973లో నాలుగు చిన్న పట్టికలు ఇచ్చాడు. నాలుగింటికీ సగటు, వేరియన్స్, కోరిలేషన్ దాదాపు ఒకటే. గ్రాఫు గీస్తే మాత్రం ఒకటి వాలుగీత చుట్టూ చెదిరిన చుక్కలు, ఒకటి వంపు, మిగతా రెండింటిలో ఒక్క చుక్కే కథంతా మారుస్తుంది. ఈ ఒక్క క్లాసు చాలా ఉపన్యాసాలతో సమానం.

3. "ఇలాంటి డేటా అయితే ఈ టెస్ట్" అనే చార్టును గోడకు అంటించకూడదు. అది విద్యార్థిని ఆలోచించకుండా కాపాడుతుంది.

4. ఆర్ నేర్పేటప్పుడు ఎర్ర అక్షరాల్లో వచ్చే ఎర్రర్లను దాచకూడదు. ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఈ సాఫ్ట్‌వేర్ ఉచితం, పల్లెటూరి కాలేజీలోనూ నడుస్తుంది. కానీ కామా ఒకటి తప్పితే మొండికేస్తుంది. టీచరు తెర మీద స్వయంగా తప్పు చేసి, ఆ సందేశం చదివి, దిద్దుకోవడం చూస్తే విద్యార్థికి ధైర్యం వస్తుంది.

5. పదాలు ఇంగ్లీషువైనా వివరణ తెలుగులో సాగనివ్వాలి. "శాంపిల్" అని రాసి, దాని సంగతి మెతుకులతో చెబితే పోయేదేమీ లేదు.

6. పరీక్షలో సూత్రాలు ముందే ముద్రించి ఇచ్చేయాలి. ఒక ట్రాన్సెక్ట్ లెక్క, దాని అంచనా, హద్దులు ఇచ్చి, "దీన్ని రేంజ్ ఆఫీసరుకు నాలుగు వాక్యాల్లో తెలుగులో రాయండి, ఈ లెక్క ఏం చెప్పలేదో కూడా రాయండి" అని అడగాలి. దిద్దడం కష్టమే, ప్రతి పేపరూ పూర్తిగా చదవాలి. నలభై పేపర్లకు రెండు ఆదివారాలు పడుతుంది.